ఒక్కచోట నిలబడి నలుదిక్కులూ - పనోరమా కథ

ఒక ఇల్లు అమ్మకానికి ఉందనుకోండి. దాన్ని చూడటానికి ఇప్పుడు గుమ్మం దాకా వెళ్లనక్కర్లేదు. ఫోను తెరమీద వేలితో జరుపుతుంటే హాలు చుట్టూ తిరుగుతుంది. పైన సీలింగు ఫ్యాను, కింద నేలమీది టైల్సు కూడా కనిపిస్తాయి. హైదరాబాదులోని ఫ్లాటును దుబాయిలోనో డాలస్‌లోనో ఉన్నవారు ఇలాగే చూస్తున్నారు. దీన్ని వర్చువల్ టూర్ అంటున్నారు. ఇది కంప్యూటర్లతో పుట్టిన వింత అనిపిస్తుంది. కానీ దీని మూలాలు రెండు శతాబ్దాల వెనక్కి వెళతాయి.

రాబర్ట్ బార్కర్ ఐర్లండులో పుట్టిన చిత్రకారుడు. స్కాట్లండులోని ఎడింబరోలో ఉండేవాడు. కొండమీద నిలబడి చుట్టూ తిరిగితే కనిపించే నగరాన్నంతా ఒకే బొమ్మగా గీసి, దాన్ని గుండ్రటి గోడకు లోపలివైపు తగిలిస్తే ఎలా ఉంటుంది? ఈ ఆలోచనకు ఆయన 1787లో పేటెంటు పొందాడు. 'అంతా', 'దృశ్యం' అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి దానికి 'పనోరమా' అని పేరు పెట్టారు. 1793లో లండన్‌లోని లీస్టర్ స్క్వేర్‌లో ఇందుకోసమే ఒక గుండ్రటి భవనం కట్టారు. ప్రేక్షకులు చీకటి దారిలో నడిచి, నడుమనున్న వేదికమీదికి చేరేవారు. బొమ్మ పై అంచునూ కింది అంచునూ కనబడకుండా కప్పేసేవారు. అంచులు కనిపించకపోతే అది బొమ్మ అన్న సంగతిని కన్ను మరిచిపోతుంది. నేటి వర్చువల్ టూర్‌లోని కిటుకు కూడా ఇదే.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. 1799లో శ్రీరంగపట్నం కోట పతనమై టిప్పు సుల్తాన్ మరణించాడు. ఆ మరుసటి ఏడే రాబర్ట్ కెర్ పోర్టర్ అనే యువ చిత్రకారుడు ఆ యుద్ధాన్ని సుమారు 120 అడుగుల పొడవున గీసి లండన్‌లో ప్రదర్శించాడు. ఆ కోటను ఆయన కళ్లారా చూడలేదు. అయినా చూసినవాళ్లకు యుద్ధరంగం మధ్య నిలబడినట్టే ఉండేది.

దీని పక్కన మరో పనోరమాను పెట్టి చూడండి. 1846లో మజహర్ అలీ ఖాన్ అనే ఢిల్లీ చిత్రకారుడు ఎర్రకోట లాహోర్ దర్వాజా మీదినుంచి కనిపించే నగరాన్ని దాదాపు పూర్తి వృత్తంగా గీశాడు. ఆ బొమ్మ పొడవు ఐదు మీటర్లకు కాస్త తక్కువ. అది ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిషువారు కోటలోపలి భవనాలు చాలావరకు కూల్చేశారు. కోటకూ జామా మసీదుకూ మధ్యనున్న బస్తీలనూ నేలమట్టం చేశారు. ఆ పాత ఢిల్లీ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే నేటి చరిత్రకారులకు ఈ బొమ్మ ముఖ్యమైన సాక్ష్యం. రెండూ పనోరమాలే. ఒకటి చూడనిదాన్ని చూసినట్టు నమ్మించింది, మరొకటి పోయినదాన్ని భద్రపరిచింది.

ఆ తర్వాత కెమెరా వచ్చింది. 1840ల మధ్యలో పారిస్‌లో ఫ్రెడరిక్ వాన్ మార్టెన్స్, లెన్సు తిరుగుతూ వంపు పలకమీద సుమారు 150 డిగ్రీల దృశ్యాన్ని పట్టే కెమెరా తయారుచేశాడు. 1858లో ఫెలిస్ బియాటో లక్నో, ఢిల్లీలలో ఒకేచోట కెమెరాను తిప్పుతూ వరుసగా ఫొటోలు తీసి, వాటిని పక్కపక్కనే చేర్చాడు. నేటి పద్ధతీ అదే. కాకపోతే అతుకు కనబడకుండా కలిపే పని కంప్యూటరు చేస్తోంది.

ఆ అతుకులోనే ఒక చిక్కు ఉంది. మీరే పరీక్షించి చూడండి. ఒక కన్ను మూసి, ముఖానికి జానెడు దూరంలో వేలు నిలబెట్టి, తలను మెల్లగా పక్కకు తిప్పండి. వెనుకనున్న గోడమీద వేలు జరిగినట్టు కనిపిస్తుంది. తల తిరిగే ఇరుసు మెడలో ఉంది, కన్ను దానికి ముందుంది. కాబట్టి తల తిరిగినప్పుడు కన్ను చోటు కూడా మారుతుంది. ఈ తేడానే పారలాక్స్ అంటారు. కెమెరాకూ ఇదే బాధ. లెన్సులోకి కాంతి ప్రవేశించే రంధ్రం ఎక్కడున్నట్టు కనిపిస్తుందో, సరిగ్గా ఆ బిందువు చుట్టూ కెమెరాను తిప్పితేనే అతుకులు కుదురుతాయి. కొండమీద అన్నీ దూరంగా ఉంటాయి గనుక కొద్దిపాటి తప్పు తెలియదు. గదిలో కుర్చీ, తలుపు, గోడ అన్నీ దగ్గరే. అందుకే ఊరిని పట్టడం కంటే వంటింటిని పట్టడం కష్టం.

1995లో ఆపిల్ సంస్థ 'క్విక్‌టైమ్ వీఆర్'ను విడుదల చేసింది. దాని వెనుకనున్న పద్ధతిని షెన్‌చాంగ్ ఎరిక్ చెన్ అదే ఏడాది ఒక పత్రంలో వివరించాడు. బార్కర్ గుండ్రటి గోడ కంప్యూటరు జ్ఞాపకంలోకి చేరింది, నడుమనున్న వేదిక మౌస్‌గా మారింది. 2003లో కెనడాలో మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లో అనే శాస్త్రవేత్తలు, కలగాపులగంగా ఇచ్చిన ఫొటోల్లో ఏది దేనికి అతుకుతుందో కంప్యూటరే గుర్తుపట్టే విధానాన్ని చూపించారు. ఆ తర్వాత ఇళ్ల వ్యాపారులకు ఇది సులువైన పనైంది.

అయితే ఒక విషయం గుర్తుంచుకోండి. ఒక్క బిందువునుంచి తీసిన చిత్రం కోణాలను మాత్రమే చెబుతుంది, కొలతలను చెప్పదు. గదినీ అందులోని సామాన్లనూ కెమెరా ఎత్తునూ అన్నిటినీ రెట్టింపు చేస్తే సరిగ్గా అదే చిత్రం వస్తుంది. ఇది సరూప త్రిభుజాల సూత్రమే. మామూలుగా మనం కెమెరా మన కంటి ఎత్తున ఉందనుకుంటాం. దాన్ని కాస్త కిందికి దించితే గది పెద్దదిగా తోస్తుంది. అబద్ధం ఒక్కటీ చెప్పకుండానే చిన్న గదిని పెద్దగా చూపించవచ్చు!

దీనికి విరుగుడు మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. కెమెరా ఎత్తు తెలిస్తే చాలు. పూర్తి పనోరమాను పరిచి చూస్తే వెడల్పు 360 డిగ్రీలు, ఎత్తు 180 డిగ్రీలు. అంటే వెడల్పు ఎత్తుకు రెట్టింపు. సరిగ్గా నడిమి గీత కంటికి సమానమైన మట్టం. ఆ గీతకూ కింది అంచుకూ సగం దూరంలో ఉన్నది 45 డిగ్రీల దిగువన, మూడోవంతు దూరంలో ఉన్నది 30 డిగ్రీల దిగువన ఉన్నట్టు. మీకు ఎదురుగా ఉన్న గోడ నేలను తాకేచోటు 30 డిగ్రీల దిగువన కనిపించిందనుకోండి. కెమెరా ఎత్తు 150 సెంటీమీటర్లయితే, 150ని టాన్ 30 విలువతో, అంటే 0.577తో భాగించండి. గోడ దాదాపు 260 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. ఎదుటి గోడకూ వెనుక గోడకూ ఇలా లెక్కగట్టి కూడితే గది పొడవు తెలిసిపోతుంది.

ఒక కుటుంబం ఇరవై ఏళ్లపాటు వాయిదాలు కట్టి కొనే వస్తువు ఇల్లు. 2016లో వచ్చిన రెరా చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోనో నమూనా ఫ్లాటులోనో చూపిన తప్పుడు సమాచారాన్ని నమ్మి నష్టపోయినవారికి బిల్డరు పరిహారం ఇవ్వాలి. కానీ నష్టపోయాక పరిహారం కోసం తిరగడం కంటే డబ్బు కట్టకముందే లెక్క చూసుకోవడం మేలు. ఇంట్లో పెద్దవాళ్లు ఈసారి ఫోనులో ఏ ఇంటినైనా తిప్పి తిప్పి చూస్తుంటే, మీరు పక్కన కూర్చుని ముందుగా ఒక్క ప్రశ్న అడిగించండి: కెమెరా ఎంత ఎత్తున పెట్టారు?