ఆకాశం నుంచి దిగిన ఫిల్మ్ చుట్ట

విద్యార్థులారా! ఉపగ్రహం అనగానే మీకు టెలివిజన్ ప్రసారాలు, తుపాను హెచ్చరికలు గుర్తుకు వస్తాయి. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో అగ్రరాజ్యాలు ప్రయోగించిన కొన్ని ఉపగ్రహాల పని మాత్రం వేరు. ఎదుటివాడి దగ్గర ఎన్ని క్షిపణులున్నాయో లెక్కపెట్టడమే వాటి పని. అటువంటి ఉపగ్రహాలలో మొదటిది అమెరికా తయారుచేసిన 'కొరోనా'. ఈ పేరుకూ, మనం చూసిన మహమ్మారికీ ఏ సంబంధమూ లేదు.

1957లో సోవియట్ యూనియన్ ఆగస్టులో ఖండాంతర క్షిపణిని పరీక్షించింది, అక్టోబరులో స్పుత్నిక్‌ను కక్ష్యలో పెట్టింది. దాంతో క్షిపణుల సంఖ్యలో తాము బాగా వెనుకబడిపోయామన్న భయం అమెరికాను పట్టుకుంది. నిజమెంతో తేల్చుకునే దారి లేదు. 1956 నుంచి యు-2 విమానాలు చాలా ఎత్తులో ఎగురుతూ రహస్యంగా ఫొటోలు తీస్తున్నా, 2 కోట్ల 20 లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన దేశంలో అవి చూడగలిగింది కొద్ది భాగమే. పైగా 1960 మే 1న ఒక యు-2ను సోవియట్ సైన్యం కూల్చివేసింది. పైలట్ గ్యారీ పవర్స్ పట్టుబడ్డాడు.

అప్పటికే కొరోనా పనులు 'డిస్కవరర్' అనే మారుపేరుతో సాగుతున్నాయి. శాస్త్ర పరిశోధన కోసమేనని లోకానికి చెప్పారు. ఇక్కడ మీకొక ప్రశ్న రావాలి: అంత ఎత్తున తీసిన ఫొటో నేలకు ఎలా చేరుతుంది? సూక్ష్మ వివరాలున్న చిత్రాలను రేడియో ద్వారా పంపే సామర్థ్యం ఆనాడు లేదు. అందుకని ఫిల్మ్‌నే కిందికి దించాలి. ఉపగ్రహం ఉత్తర, దక్షిణ ధ్రువాల మీదుగా తిరుగుతుంటే, దాని కింద భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది. కాబట్టి ప్రతి చుట్టులోనూ కెమెరా కిందికి కొత్త ప్రాంతం వస్తుంది. ఫొటోలు తీయడం పూర్తయ్యాక ఫిల్మ్ చుట్టిన గుళిక విడిపోయి, చిన్న రాకెట్‌తో వేగం తగ్గించుకుని వాతావరణంలోకి దిగుతుంది. పారాచూట్ విచ్చుకుంటుంది. పసిఫిక్ సముద్రం మీద కాచుకుని ఉన్న విమానం వెనుక వేలాడే కొక్కేలతో దాన్ని గాలిలోనే అందుకోవాలి! తప్పిపోతే గుళిక కొంతకాలం నీటిపై తేలుతుంది. ఈలోగా దొరక్కపోతే అందులోని ఉప్పు బిరడా కరిగిపోయి మునిగిపోతుంది. శత్రువు చేతికి చిక్కకూడదు కదా.

చెప్పినంత తేలిక కాలేదు. వరుసగా 12 ప్రయత్నాలు విఫలమయ్యాయి. శూన్యంలో ఫిల్మ్ పెళుసుబారి విరిగిపోతుంటే పాలియెస్టర్ ఫిల్మ్ వాడవలసి వచ్చింది. 13వ డిస్కవరర్ గుళిక 1960 ఆగస్టులో సముద్రంలో దొరికింది గాని, అందులో కెమెరా లేదు. మరుసటి వారం, ఆగస్టు 18న వెళ్లిన 14వది కెమెరాను మోసుకెళ్లింది. 19న హవాయి దగ్గర విమానం మూడో ప్రయత్నంలో దాని గుళికను పట్టుకుంది. సరిగ్గా అదే రోజున మాస్కో కోర్టు పవర్స్‌కు 10 సంవత్సరాల శిక్ష విధించింది. ఆ ఒక్క ఫిల్మ్ చుట్టలో 42 లక్షల చదరపు కిలోమీటర్ల నేల కనిపించింది. అంతవరకు జరిగిన యు-2 యాత్రలన్నీ కలిపినా సోవియట్ నేలలో చూపింది ఇంతకంటే తక్కువే.

1961 సెప్టెంబరు నాటికి అమెరికా నిఘా అంచనా తారుమారైంది. సోవియట్‌ల ఖండాంతర క్షిపణుల ప్రయోగ స్థానాలు వందలు కాదు, 10 నుంచి 25 లోపే! భయం పెద్దది, లెక్క చిన్నది. అయితే నిజం తెలిసినంత మాత్రాన శాంతి వచ్చిందనుకోకండి. తమ ఆధిక్యాన్ని ఆ అక్టోబరులో అమెరికా బహిరంగంగా ప్రకటించింది. క్రుశ్చేవ్ 1962లో క్యూబాకు క్షిపణులు పంపడానికి అది కూడా ఒక కారణమని కొందరు చరిత్రకారులు భావిస్తారు. నా ఉద్దేశంలోనూ ఆ వాదన కొట్టిపారేయదగినది కాదు.

సోవియట్‌లు కూడా ఊరుకోలేదు. 1962 ఏప్రిల్‌లో 'కాస్మోస్-4' పేరుతో వారి 'జెనిత్' నిఘా ఉపగ్రహం పైకి వెళ్లింది. ఫిల్మ్‌తో పాటు కెమెరా కూడా నేలకు తిరిగివచ్చే ఏర్పాటు అందులో ఉంది. ఇలా ఇద్దరికీ కళ్లు వచ్చాక, 1972 ఆయుధ ఒప్పందాలలో ఒకరి నిఘా సాధనాలకు మరొకరు అడ్డు రాకూడదని రాసుకున్నారు. ఆకాశం నుంచి లెక్క సరిచూసుకోవచ్చన్న భరోసా లేకపోతే ఆ సంతకాలు పడేవి కావు.

కొరోనా కూడా 1972లోనే ముగిసింది. 1995లో అమెరికా దాని చిత్రాలను, 8 లక్షల 60 వేలకు పైగా, బయటపెట్టింది. ఇప్పుడు వాటిని ఎక్కువగా శ్రద్ధగా చూస్తున్నవారిలో పురావస్తు శాస్త్రజ్ఞులున్నారు. సిరియా, ఇరాక్‌లలో తర్వాతి కాలపు పొలాల కింద, జలాశయాల కింద కనుమరుగైన వేల ఏళ్లనాటి బాటలను, ఊరి దిబ్బలను ఆ ఫిల్మ్‌లోనే గుర్తిస్తున్నారు.