ఎట్టప్ప పేరు పెట్టవచ్చునా?

తాత పేరు ఎట్టప్ప, మనవడికి పెడితే బడిలో ద్రోహి అంటారేమో అని మనవారు ఒకరు అడిగారు. భయం న్యాయమే. తమిళంలో ఆ పేరు తిట్టుమాటగా స్థిరపడింది, 1959 నాటి శివాజీ గణేశన్ సినిమా దాన్ని ఇంటింటికీ చేర్చింది.

ఎట్టప్ప, కట్టబొమ్మన్ ఇద్దరూ తెలుగు పాళెగాళ్లే. ఎట్టయాపురం వారు కుంపిణీ పక్షాన నిలిచిన మాట నిజం. కాని కట్టబొమ్మన్‌ను పట్టి అప్పగించింది పుదుక్కోట్టై తొండైమాన్. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు. తొండైమాన్ పేరు మాత్రం తిట్టుమాట కాలేదు చూడండి!

ముత్తుస్వామి దీక్షితులు చివరి రోజులు గడిపింది ఎట్టయాపురంలోనే. 1904లో సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగులో అచ్చయిందీ అక్కడే.

ఆ పాలకుల పేర్లలో ఎట్టప్పకు ముందు 'జగవీరరామ' అని ఉండేది. బడి రిజిస్టరులో అది రాయించండి. ఇంట్లో ఎట్టప్ప అనే పిలుచుకోండి.