చంటిబిడ్డ ఫోటోకి ఏ వయసు మంచిది? గాజు పలక కాలం నుంచి ఫోన్ కాలం దాకా

ఈమధ్య మా బంధువుల్లో ఎవరికి బిడ్డ పుట్టినా ఒక ప్రశ్న తప్పడం లేదు: "ఫోటోషూట్ ఎన్నో రోజు పెట్టుకున్నారు?" బెంగళూరులో పసికందుల ఫోటోలు తీసేవాళ్ళు సాధారణంగా చెప్పే లెక్క ఐదో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల. ఇంట్లో పెద్దలదేమో వేరే లెక్క. పురుడు కాకుండా బిడ్డను గడప దాటించకూడదు, దిష్టి తగులుతుంది. ఈ రెండు లెక్కల మధ్య పచ్చి బాలింత నలిగిపోతుంది. ఎవరి మాట సరి అని తేల్చేముందు, ఈ "మంచి వయసు" అనేది ఎట్లా పుట్టిందో చూద్దాం.

మొదట్లో వయసును నిర్ణయించింది కెమెరానే. 1839లో పారిస్‌లో డాగేర్ పద్ధతి బయటపడింది, మరుసటి ఏడాదికే ఆ కెమెరాలు కలకత్తాకి వచ్చేశాయి. అప్పట్లో బొమ్మ పడాలంటే మనిషి చాలాసేపు కదలకుండా ఉండాలి. 1851లో వచ్చిన తడి గాజు పలకల పద్ధతిలో కూడా కొన్ని సెకన్లు పట్టేది. మెలకువగా ఉన్న చంటిబిడ్డ కొన్ని సెకన్లు కదలకుండా ఉంటుందా? అందుకే ఇంగ్లండ్, అమెరికాల్లో తల్లి మీద గుడ్డ కప్పి, ఆమెనే కుర్చీలాగా చేసి, ఒళ్ళో బిడ్డను పట్టుకోమనేవాళ్ళు. ఇప్పుడు ఆ ఫోటోలు చూస్తే బిడ్డ వెనక ముసుగు వేసుకున్న ఆకారం ఒకటి కనిపిస్తుంది. చనిపోయిన బిడ్డలకు కూడా ఫోటోలు తీయించుకునేవాళ్ళు, ఆ బిడ్డకు అదొక్కటే గుర్తు కాబట్టి.

1871లో మాడక్స్ అనే ఆంగ్లేయ వైద్యుడు జెలటిన్ పొడి పలక పద్ధతి చెప్పాడు. తర్వాత పదేళ్ళలో అది మెరుగుపడి, మంచి వెలుతురులో సెకను లోపలే ఫోటో పడే రోజులు వచ్చాయి. కదిలే పిల్లలకు స్టూడియో తలుపు తెరుచుకున్నది అప్పుడే.

మన తెలుగు వైపు చూస్తే, రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. 1892లో ఆయన హైదరాబాదులో పరదా పాటించే ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టించి, దాన్ని ఒక ఆంగ్లేయ మహిళ చేతికి అప్పగించారు. తల్లి వస్తేనే కదా చంటిబిడ్డ వచ్చేది! బెంగళూరులో 1910 నాటి జీ.కే. వేల్ పేరు ఇప్పటికీ అందరికీ తెలుసు. అయినా స్టూడియో ఫోటో అంటే చాలా ఏళ్ళు ఉన్నవాళ్ళ ముచ్చటే.

మాది హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మా పాత ఆల్బంలో ఒక్క పసికందు ఫోటో కూడా లేదు. అన్నీ బోర్లా పడి తల ఎత్తిన ఫోటోలు, లేకపోతే కూర్చున్నవి. మొలతాడు, చేతికి మురుగులు, బుగ్గన కాటుక చుక్క. మీ ఇళ్ళలో కూడా ఇంతే అయివుంటుంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, ఆరో నెల అన్నప్రాశన. మన వాళ్ళు బిడ్డ వయసును కొలిచింది ఇట్లాంటి మెట్లతోనే, ఫోటో కూడా ఆ మెట్ల మీదనే పడింది.

ఖర్చు కూడా ఒక కారణం. బరోడాలో తయారయ్యే అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో ఒక రోలుకు పన్నెండే ఫోటోలు. 1967 నుంచి ఊటీ ఫ్యాక్టరీలో ఇందు ఫిల్ము తయారైనా, నిద్రపోయే బిడ్డ మీద ఒక ఫోటో ఖర్చుపెట్టడానికి చెయ్యి వచ్చేది కాదు.

ఇంకో కారణం పైకి చెప్పనిది. 1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకముందే పోయేవాళ్ళు. 2020కి ఆ లెక్క 28కి దిగింది. మా అవ్వకు ఏడు కాన్పులు, మిగిలింది ఐదుగురు. పోయిన ఇద్దరికీ ఫోటో లేదు. ఒక బిడ్డకు పేరు పెట్టే రోజు కూడా రాలేదు. "నిలబడితే తీయిద్దాం" అనేది ఆ కాలం మాట. దిష్టి అనే భయం వెనక ఈ లెక్క ఉందని మాకు అనిపిస్తుంది.

మరి ఈ ఐదు నుంచి పద్నాలుగు రోజుల లెక్క? 1996లో ఆన్ గెడ్డెస్ పుస్తకం డౌన్ ఇన్ ద గార్డెన్ వచ్చి, పువ్వుల్లో, ఆకుల్లో పడుకున్న పసిపిల్లల ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. తర్వాత డిజిటల్ కెమెరా వచ్చింది, వంద ఫోటోలు తీసినా ఖర్చు లేదు. మొదటి రెండు వారాల్లో బిడ్డ గాఢంగా నిద్రపోతుంది, కడుపులో ఉన్నట్టే ముడుచుకుంటుంది. కొన్ని వారాలు పోతే ముఖం మీద చిన్న పొక్కులు రావచ్చు, ఏడుపు ఎక్కువవుతుంది. అంటే ఈ లెక్క నిద్రపోయే ఫోటో కోసం పెట్టింది, అంతే. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు అసలు ఈ లెక్క అన్వయించదు. డాక్టరు సరే అన్నాకే ఏదైనా.

మేము టెస్టింగ్ పనిలో ఉన్నవాళ్ళం, రెండు షరతులు కనిపిస్తే రెండూ నెగ్గే దారి ఉందా అని వెతుకుతాం. పదకొండో రోజు పురుడు అయిపోతే, పన్నెండు నుంచి పద్నాలుగు దాకా మూడు రోజులు చేతిలో ఉన్నట్టే. అప్పటికి చాలామంది బిడ్డలకు పసిరికలు తగ్గుముఖం పడతాయి, పుట్టినప్పటి బరువు కూడా తిరిగి వస్తుంది. బిడ్డను స్టూడియోకి మోసుకుపోవడం కన్నా ఫోటోగ్రాఫరునే ఇంటికి పిలవండి. పొద్దున కిటికీ వెలుతురు, వెచ్చని గది, అమ్మ ఒడి చాలు. చేతుల మీద గడ్డం ఆనించి కూర్చున్నట్టు కనిపించే ఫోటోలు నిజానికి పెద్దవాళ్ళు తలను పట్టుకుని తీసిన రెండు ఫోటోల కలయిక. ఇంట్లో అట్లా ప్రయత్నించకండి. ఆ మూడు రోజులు దాటిపోయినా దిగులు వద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు బిడ్డ మనల్ని చూసి నవ్వుతుంది, తర్వాత బొబ్బట్ల రోజు ఉండనే ఉంది.

తీసిన ఫోటోల్లో ఒక్కదాన్నైనా ప్రింటు వేయించి, వెనక పేరు, తేదీ, ఊరు తెలుగులో రాసిపెట్టండి. మా వంశవృక్షంలో ఆ ఇద్దరికీ కూడా చోటు ఇచ్చాం. ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ గడి, దాని కింద ఒకరికి పేరు, ఇంకొకరికి "అవ్వ నాలుగో కాన్పు" అని మాత్రమే.