ఒకే హోల్, మూడు భాషలు: పోస్ట్ ప్రాసెసర్ కథ

ఈ ఎపిసోడ్ శ్రీహరికోట నుంచి మొదలుపెడదాం. సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డు మీద వెళ్తే వచ్చే దీవి అది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది గానీ, 2022 దాకా మన నెల్లూరు జిల్లానే. 1993 సెప్టెంబర్ 20న అక్కడి నుంచి మొట్టమొదటి పీఎస్ఎల్‌వీ లేచింది. పన్నెండు నిమిషాలైనా నిండకుండానే బంగాళాఖాతంలో పడిపోయింది. తర్వాత తేలిన కారణాల్లో పెద్దది సాఫ్ట్‌వేర్ తప్పు. కంట్రోల్ లూప్‌లో ఒక కమాండ్ విలువ గరిష్ఠ పరిమితి దాటితే ఏం చెయ్యాలో కోడ్‌లో సరిగ్గా రాయలేదు.

రాకెట్‌లో ఎగిరే కోడ్ గురించి అందరం మాట్లాడతాం. ఆ రాకెట్ పార్టుల్ని కోసే మెషిన్‌కి కూడా ఒక కోడ్ ఉంటుంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పీఎస్ఎల్‌వీ రెండో స్టేజ్‌లో ఉండేది వికాస్ ఇంజన్. ఫ్రెంచ్ వాళ్ల వైకింగ్ ఇంజన్ నుంచి వచ్చింది. ఇస్రోకి ఆ ఇంజన్లు చేసిపెట్టే వాళ్లలో హైదరాబాద్ బాలానగర్‌లో 1970లో మొదలైన ఎంటార్ ఒకటి. ఇలాంటి షాపుల్లో డిజైన్‌కీ మెషిన్‌కీ మధ్య కూర్చుని అనువాదం చేసే ప్రోగ్రామే పోస్ట్ ప్రాసెసర్.

అసలు అనువాదం ఎందుకు? దానికి అమెరికా వెళ్లాలి. 1940ల్లో మిషిగన్‌లో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రోటర్ బ్లేడ్ల పని చేస్తున్నాడు. వంపుని లెక్కగట్టిన పాయింట్లుగా మార్చి, మెషిన్‌ని అంకెలతోనే నడపాలన్నది అతని ఆలోచన. ఎంఐటీ వాళ్లు 1952లో పంచ్ చేసిన టేపుతో నడిచే మిల్లింగ్ మెషిన్ చూపించారు. బాగానే ఉంది, కానీ ఆ టేపు రాయడం నరకం. అందుకే అదే ఎంఐటీలో డగ్లస్ రాస్ టీమ్ ఏపీటీ అనే భాష తయారుచేసింది. 1959 ఫిబ్రవరిలో ప్రెస్ మీట్ పెట్టి, ఏపీటీతో కోసిన అల్యూమినియం యాష్ ట్రేలు విలేకరులకి పంచారు. ఆ రోజుల్లో టెక్ లాంచ్ గిఫ్ట్ అది మరి!

ఏపీటీలో తెలివైన నిర్ణయం ఒకటుంది. టూల్ ఎక్కడెక్కడ తిరగాలో ముందు ఏ మెషిన్‌కీ చెందని ఫైల్‌గా వస్తుంది. ఆ తర్వాత ఒక్కో మెషిన్‌కి ఒక్కో పోస్ట్ ప్రాసెసర్ దాన్ని మార్చి ఇస్తుంది. మన భాషలో కంపైలర్ బ్యాకెండ్ అన్నమాట. తర్వాత ఆర్ఎస్-274, ఐఎస్ఓ 6983 అని జీ-కోడ్‌కి స్టాండర్డ్స్ వచ్చాయి. అయినా ప్రతి కంట్రోలర్ కంపెనీ తన సొంత యాస కలుపుకుంది. నెల్లూరు తెలుగు, తెలంగాణ తెలుగు లాంటిదే అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ అర్థం మారితే టూల్ విరుగుతుంది.

ఆ యాస బాగా బయటపడేది హోల్ మిల్లింగ్‌లో. డ్రిల్ బిట్ వాడకుండా, హోల్ కన్నా చిన్న ఎండ్ మిల్‌ని స్ప్రింగ్ ఆకారంలో తిప్పుతూ కిందికి దించడమే ఇది. ఒకే టూల్‌తో రకరకాల సైజులు వస్తాయి. 30 మి.మీ. హోల్, 16 మి.మీ. టూల్ అనుకోండి. టూల్ సెంటర్ తిరిగేది 14 మి.మీ. వృత్తంలో. చుట్టుకి 2 మి.మీ. చొప్పున దిగితే 20 మి.మీ. లోతుకి పది చుట్లు, అడుగు చదును చెయ్యడానికి ఇంకొకటి.

ఇదే పని హైడెన్‌హైన్‌లో సైకిల్ 208తో అయిపోతుంది. హాస్‌లో జీ13 ఉంది, చూడ్డానికి అలాంటిదే. కానీ అది స్ప్రింగ్‌లా దిగదు, ముందు నిట్టనిలువుగా దిగి తర్వాత చుట్టు తిరుగుతుంది. పోస్ట్ రాసేవాడు పేరు చూసి 208 బదులు జీ13 పెట్టేస్తే, మధ్యలో కోత లేని టూల్ నేరుగా మెటల్‌లోకి గుచ్చుకుంటుంది. ఫానక్‌లో అయితే సాధారణంగా జీ02, జీ03 ఆర్క్‌లతో చుట్టుచుట్టూ రాయాలి. అందులోనూ పూర్తి వృత్తానికి రేడియస్ ఆర్ ఇస్తే సున్నా డిగ్రీల ఆర్క్ అనుకుంటుంది, కాబట్టి సెంటర్‌ని ఐ, జే విలువల్లో చెప్పాలి.

ఫీడ్ సంగతి ఇంకా మోసం. పైన చెప్పిన హోల్‌లో సెంటర్‌కి నిమిషానికి 500 మి.మీ. ఇస్తే, గోడ దగ్గర టూల్ అంచు కదిలేది సుమారు 1070. ఆ 500 సెంటర్‌దా, గోడదా అన్నది పోస్ట్‌కి తెలియాలి.

ఆటోడెస్క్ ఫ్యూజన్‌లో పోస్ట్ అంటే జావాస్క్రిప్ట్ ఫైలే. బోర్ మిల్లింగ్ సైకిల్ వస్తే, మనం వేరే చెప్పకపోతే, దాన్ని విడి ఆర్క్‌లుగా పరిచేస్తుంది. సేఫ్ పద్ధతే. కానీ నలభై హోల్స్ ఉన్న జాబ్‌కి వందల లైన్లు వస్తాయి. మెషిన్ ముందు నిలబడ్డ ఆపరేటర్ అన్నకి లోతు ఒక అర మిల్లీమీటర్ తగ్గించాలన్నా ఆ లైన్లలో దారి ఉండదు, మళ్లీ ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి. అంకెలతో నడిచే మెషిన్లు వచ్చిందే పనివాడి చేతిలోంచి పట్టు లాక్కోవడానికని డేవిడ్ నోబుల్ 1984లో ఒక పుస్తకమే రాశాడు. పూర్తిగా ఒప్పుకోను గానీ, ఆ వందల లైన్ల ప్రోగ్రామ్ చూస్తే ఆయన మాట గుర్తొస్తుంది.

నేనైతే ఫానక్‌కి ఇలా చేస్తాను. స్ప్రింగ్ కదలికనంతా మెషిన్‌లోనే ఒక మాక్రోగా రాసిపెట్టి, పోస్ట్ నుంచి జీ65 కాల్ మాత్రమే పంపించాలి. వ్యాసం, లోతు, చుట్టుకి ఎంత దిగాలి, గోడ దగ్గర ఫీడ్ ఎంత, ఈ నాలుగూ ఆ లైన్‌లో కనిపిస్తాయి. టూల్ వ్యాసం హోల్ కన్నా పెద్దదైతే మాక్రో అక్కడికక్కడే అలారం ఇచ్చి ఆగిపోవాలి. పరిమితి దాటిన విలువ వస్తే ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టడం అంటే ఇదే. ఆ తర్వాత టూల్‌ని జాబ్ పైన గాల్లోనే ఒకసారి తిప్పి చూసి, అప్పుడు స్టార్ట్ నొక్కండి.