పెంటయ్య పేరు వెనుక కన్నతల్లి మొక్కు

మన క్యాంపుల్లో హాజరు పిలిచేటప్పుడు పెంటయ్య, పుల్లయ్య, భిక్షపతి, సైదులు వంటి పేర్లు వినిపిస్తుంటాయి. కుర్రవాళ్లు కొందరు ముసిముసిగా నవ్వుతారు. అసలు సంగతి తెలిస్తే నవ్వరని మా నమ్మకం.

పూర్వం మన పల్లెల్లో పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకునేవారు. పారేసిన బిడ్డను మృత్యువు ముట్టదని వాళ్ల ఆశ. అలా వచ్చినవే పెంటయ్య, పెంటమ్మ పేర్లు. తిని పారేసిన విస్తరాకుల మీద పొర్లిస్తే పుల్లయ్య. దేవుడు పెట్టిన భిక్ష అనుకుంటే భిక్షపతి, భిక్షమయ్య.

బిడ్డ బతకడం ముఖ్యం గనుక మతం అడ్డు రాలేదు. నేటి సూర్యాపేట జిల్లాలోని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో సైదులు, సైదమ్మ పుట్టారు. నెల్లూరు జిల్లా కసుమూరు దర్గాకు మొక్కినవారు మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకున్నారు.

ఆ భయం ఉత్తది కాదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే కన్నుమూశారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. మృత్యువును ఏమార్చే పేర్లతో పని తగ్గింది. అందుకే ఇప్పుడు ఇంటి నుంచి ఫోనొస్తే చెవికి ఇంపైన కొత్త పేర్లు వెతుకుతున్నాం. మంచిదే.

కానీ పాస్‌పోర్టులో పెంటయ్య అని ఉన్న అన్న సిగ్గుపడాల్సిన పని లేదు. నువ్వు బతకాలని అమ్మానాన్నలు పెట్టుకున్న పేరు అది. బతికావు, ఇవాళ ఇంటిని బతికిస్తున్నావు.