చంద్రుడి మీద నడిచిన కీ వాచీ

డయల్ మీద ‘17 జ్యూయెల్స్’ అని చదివి, లోపల రత్నాలున్నాయని మురిసిపోయిన వాళ్లు ఎందరో. లోకంలోని వజ్రాల్లో చాలావాటికి సాన పట్టే సూరత్‌లో ఆ మాటంటే నవ్వుతారు. అవి ఫ్యాక్టరీలో తయారైన కెంపులు. చక్రాల ఇరుసులు అరగకుండా వాటి కొసల దగ్గర బిగిస్తారు. మన హెచ్ఎంటీ జనతాలో పదిహేడే, చంద్రుడి మీదికెళ్లిన ఒమెగా స్పీడ్‌మాస్టర్‌లోనూ పదిహేడే. రెండింటికీ కీ ఇవ్వాల్సిందే.

1961 ఏప్రిల్ 12న అంతరిక్షంలోకి వెళ్తూ గగారిన్ కట్టుకున్నది ష్తుర్‌మాన్‌స్కియే, సోవియట్ వైమానిక దళం ఇచ్చిన వాచీ. అమెరికన్లది సొంత ఖర్చు. 1962 అక్టోబరులో వ్యోమగామి వాలీ షిరా తాను కొనుక్కున్న స్పీడ్‌మాస్టర్‌తోనే భూమిని ఆరుసార్లు చుట్టివచ్చాడు. 1957లో కార్ల పందేల కోసం అమ్మకానికి పెట్టిన సరుకది!

ఆ తర్వాత నాసా కొన్ని కంపెనీల వాచీలు తెప్పించి కాల్చుకుతింది. 71 డిగ్రీల వేడిలో రెండు రోజులు, 93 డిగ్రీల్లో అరగంట, ఆపైన గడ్డకట్టే చలి, శూన్యం, కుదుపులు. రోలెక్స్ తేమ పరీక్షలో ఆగిపోయింది. లాంజిన్స్ అద్దం వేడికి వంకరపోయింది. నెగ్గిన ఒమెగా మాత్రం తక్కువ తిందా? గాలి తీసేసిన గదిలో 21 నిమిషాలు ముందుకు పరిగెత్తింది, ఇంకో పరీక్షలో 15 నిమిషాలు వెనకబడింది, చీకట్లో మెరిసే పూత పోయింది. అయినా ఆగలేదు. 1965 మార్చి 1న నాసా సరేనంది. దాని అద్దం ప్లాస్టిక్‌ది. గాజైతే పగిలి, బరువులేని గదిలో ముక్కలు కళ్లలోకి తేలివచ్చేవి.

1969లో చంద్రుడి మీద దిగిన ల్యూనార్ మాడ్యూల్ గడియారం మొరాయించడంతో ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని లోపలే ఉంచి దిగాడు. చంద్రుడి నేల మీద తిరిగింది ఆల్డ్రిన్ వాచీ. స్పేస్‌సూట్ మీంచి వెల్క్రో పట్టీతో కట్టుకున్నాడు. తర్వాత దాన్ని స్మిత్సోనియన్‌కు పంపితే దారిలో మాయమైంది. అంత దూరం వెళ్లొచ్చిన వాచీ అమెరికాలో పోవడమేమిటో! 1970లో, దెబ్బతిన్న అపోలో 13లో కరెంటు ఆదా కోసం అన్నీ ఆపేసి కూర్చున్నప్పుడు, ఇంజను 14 సెకన్లు మండించడానికి వ్యోమగామి స్విగర్ట్ చూసుకున్నది తన ఒమెగానే.

1971లో అపోలో 15 యాత్రలో డేవ్ స్కాట్ ఒమెగా అద్దం ఊడిపోయింది. వెంట తెచ్చుకున్న సొంత బులోవా కట్టుకుని మూడోసారి బయటికి నడిచాడు. నాసా ఇచ్చిన ఒమెగాలు సర్కారు సొత్తు, అమ్మడానికి వీల్లేదు. సొంతం కాబట్టి ఆ బులోవా 2015 వేలంలో 16 లక్షల డాలర్లకు పైగా పలికింది.