అరువు కోడ్‌కు చీటీ రాసిన కథ

లిబ్రాఫీస్‌లో ‘కొనకనమిట్ల’ అని టైప్ చేయండి. కంప్యూటర్‌కు అందేవి పది యూనికోడ్ సంకేతాలు, తెరమీద కనబడేవి ఆరు అక్షరాలు. చివరి ‘ట్ల’ కోసం ట, పొల్లు, ల అని మూడు సంకేతాలు వెళ్తాయి. వాటిని చూసి ‘ల’ను ఒత్తుగా మార్చి ‘ట’ కింద కూర్చోబెట్టే కోడ్ లిబ్రాఫీస్ వాళ్లు రాసింది కాదు, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. సేవ్ నొక్కగానే ఫైలును కుదించేది జెడ్‌లిబ్ అనే ఇంకో లైబ్రరీ. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండలం పేరు రాయడానికే ఇంత అరువు కోడ్ కావాలి. దాన్ని వెతికి, సరైన వెర్షన్ తెచ్చి, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ బిల్డ్ చేయడమెలా అన్న ప్రశ్న చుట్టూ యాభై ఏళ్ల చరిత్ర అల్లుకుంది.

మొదట్లో చిక్కంతా సొంత ఫైళ్లతోనే. బెల్ ల్యాబ్స్‌లో ఒక ప్రోగ్రామర్ తప్పును దిద్దాడు గానీ ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయడం మరిచాడు. లేని తప్పు కోసం పొద్దుటి పూటంతా వెతికాడు. ఆ గోడు విన్న స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో ‘మేక్’ రాశాడు. ఏ ఫైలు మారితే ఏది మళ్లీ కంపైల్ చేయాలో దానికి తెలుసు. పరాయి లైబ్రరీ మిషన్‌లో ఎక్కడుందో మాత్రం తెలియదు.

యూనిక్స్ రకాలు పెరిగేకొద్దీ ఒక్కో కంపెనీ మిషన్‌లో లైబ్రరీ ఒక్కో చోట ఉండేది. 1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ ఇందుకు ఒక ఉపాయం పన్నింది: అడగడం మాని పరీక్షించడం. అది తయారుచేసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ చిన్న ప్రోగ్రాం రాసి, కంపైల్ అయితే లైబ్రరీ ఉన్నట్టు, కాకపోతే లేనట్టు లెక్కేస్తుంది. కానీ ఆ స్క్రిప్ట్ నడవాలంటే యూనిక్స్ షెల్ కావాలి. విండోస్‌లో అది లేదు.

ఆ లోటు తీర్చింది సీమేక్. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం సొమ్ముతో వైద్యచిత్రాల విశ్లేషణకు తయారైన ఐటీకే అనే టూల్‌కిట్ అన్ని రకాల మిషన్లలో బిల్డ్ కావాల్సి వచ్చింది. కిట్‌వేర్ సంస్థ 2000 ప్రాంతంలో సీమేక్‌ను తెచ్చింది ఆ అవసరానికే. యూనిక్స్‌లో మేక్‌ఫైలును, విండోస్‌లో విజువల్ స్టూడియో ప్రాజెక్టును అదే రాసిపెడుతుంది. ‘ఫైండ్ ప్యాకేజ్’ అంటే లైబ్రరీ కోసం వెతుకుతుంది కూడా. వెతికినా దొరక్కపోతే? ఏళ్లపాటు జనం చేసిందొకటే: లైబ్రరీ కోడ్ మొత్తాన్ని సొంత ఫోల్డర్లోకి కాపీ చేసుకోవడం.

కాపీ చేసుకోవాలా, సిస్టంలో ఉన్నదాన్నే వాడుకోవాలా అన్న తగవు ఇప్పటికీ తెగలేదు. రెండింటి లాభనష్టాలూ రెండు సంఘటనల్లో తేటతెల్లమయ్యాయి. 2002లో జెడ్‌లిబ్‌లో ఒక భద్రతాలోపం బయటపడింది. జెడ్‌లిబ్‌ను కడుపులో దాచుకున్న ప్రోగ్రాములు లెక్కకు మిక్కిలి. సిస్టంలోని ప్రతిని దిద్దితే చాల్లేదు. కాపీ ఉన్న ప్రతి ప్రోగ్రామునూ విడిగా బాగుచేయాల్సి వచ్చింది.

2018 ఫిబ్రవరిలో దీనికి తిరగబడ్డ కథ, అదీ మన లిపితోనే. ‘జ్ఞా’లోని సంకేతాల మధ్య కంటికి కనబడని మరో సంకేతం చేరిన వరుస ఐఫోన్‌కు వస్తే మెసేజ్ యాప్‌లు టపటపా మూతపడ్డాయి. తప్పు ఆ యాప్‌లది కాదు. అవన్నీ ఆధారపడ్డ ఆపిల్ సిస్టం లైబ్రరీ కోర్‌టెక్స్ట్‌ది. ఒక్క లోపం అందరినీ కూల్చింది. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6 అనే ఒక్క అప్‌డేట్ అందరినీ ఒడ్డున పడేసింది.

లిబ్రాఫీస్ రెండు దారులూ తెరిచిపెట్టింది. ఒకప్పుడు అది తెలుగు అక్షరాల కూర్పుకు విండోస్‌లో యూనిస్క్రైబ్‌ను, మ్యాక్‌లో కోర్‌టెక్స్ట్‌ను నమ్ముకునేది. 2017లో వచ్చిన 5.3 వెర్షన్‌తో అన్ని చోట్లా హార్ఫ్‌బజ్‌కు మారింది. దాని సోర్స్‌లో ‘డౌన్‌లోడ్.ఎల్ఎస్‌టీ’ అనే ఫైలు తెరిస్తే కిరాణాకొట్టుకు రాసిన చీటీలా ఉంటుంది: లైబ్రరీ పేరు, వెర్షన్, పక్కనే 64 అంకెలూ అక్షరాలూ కలిసిన షా-256 హాష్. తెచ్చిన ఫైలులో ఒక్క బైట్ తేడా వచ్చినా హాష్ కలవదు, బిల్డ్ ఆగిపోతుంది. లినక్స్ పంపిణీదారులు మాత్రం ‘విత్ సిస్టం హార్ఫ్‌బజ్’ అని చెప్పి తమ సిస్టం ప్రతినే వాడుకోవచ్చు.

పెర్ల్ భాషకు 1995లోనే సీపాన్ అనే ఉమ్మడి భాండారం ఉంది. సీ ప్లస్ ప్లస్‌కు లైబ్రరీలు తెచ్చిపెట్టే వీసీపీకేజీ, కోనన్ వంటివి వచ్చింది 2016 ప్రాంతంలో. జాప్యానికి కారణం ఉంది. ఇక్కడ ఒకే లైబ్రరీ కంపైలర్‌ను బట్టి, ప్రాసెసర్‌ను బట్టి, డీబగ్‌దా రిలీజ్‌దా అన్నదాన్ని బట్టి వేర్వేరు బైనరీలవుతుంది. ఒకదాని చోట ఇంకొకటి పెడితే లింక్ కాకపోవచ్చు. ఒకవేళ లింక్ అయినా నడిచేటప్పుడు కూలొచ్చు. అందుకే ఈ పనిముట్లు పేరూ వెర్షన్‌తో ఊరుకోకుండా ఏ మిషన్‌కు, ఏ కంపైలర్‌తో అన్నదీ రాయించుకుంటాయి.

చీటీ ఎంత పక్కాగా రాసినా సరుకు మంచిదని హామీ లేదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో దొంగదారిని బయటపెట్టాడు. దాన్ని నాటింది బయటివాడు కాదు, ఏళ్లపాటు పనిచేసి నమ్మకం సంపాదించిన నిర్వాహకుడే. దాన్ని బిల్డ్‌లోకి ఎక్కించే వరుసను విడుదల చేసిన ఫైలులో, ఎవరూ చదవని బిల్డ్ స్క్రిప్ట్‌లో దాచాడు. హాష్ చూస్తే సరిగ్గానే ఉంది. నిన్న తెచ్చిందీ ఈరోజు తెచ్చిందీ ఒకటేనా అన్నంతవరకే హాష్ చెబుతుంది. రాసినవాణ్ని నమ్మొచ్చా అన్నదానికి జవాబు చెప్పే పనిముట్టు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా అరువు ఎంత తక్కువైతే అంత మేలు.